ఒక్క సాక్షి మాట చాలునా?

సూర్యాపేట మార్కెటు యార్డునకు ధాన్యపు ట్రాక్టరు కదలుటకు ముందు రైతు నేడు చేతి ఫోను తీసి ధర యెంతయని వెదకుచున్నాడు. కోదాడలో విద్యార్థి కళాశాల నెన్నుకొనుటకు ముందు వెదకుచున్నాడు. మిర్యాలగూడలో బియ్యపు మిల్లు యజమాని యంత్రపు విడిభాగమునకై వెదకుచున్నాడు. భూమి కాగితములకై భూభారతి స్థానమును వెదకు పట్టాదారునకును, ఇంటిలోని రోగికొరకు వైద్యుని వెదకు గృహస్థునకును దారి యదియే. ఒకప్పుడు పట్వారిని, పంతులును, షావుకారును, పొరుగూరి బంధువును వేరువేరుగ నడిగి, నలుగురి మాటలను తూచి తెలిసికొనిన సంగతులను నేడు మన మొక్క యంత్రము నడిగి, అది మొదట చూపిన రెండు మూడు పంక్తులతో తృప్తి నొందుచున్నాము. సౌకర్యము పెరిగిన దనుటకు సందేహము లేదు. కాని నలుగురు సాక్షుల స్థానమున ఒక్క సాక్షి నిలిచినాడన్న మాట మనకు స్ఫురించుట లేదు.

ఈ విషయమున నేడు న్యాయస్థానములే కలుగజేసికొనవలసి వచ్చినది. 2024 ఆగస్టు 5వ తేదీన అమెరికా రాజధానిలోని జిల్లా న్యాయస్థానమున న్యాయమూర్తి అమిత్ మెహతా, గూగుల్ సంస్థ శోధనరంగమున తన గుత్తాధిపత్యమును చట్టవిరుద్ధముగ నిలుపుకొన్నదని తీర్పు చెప్పెను. 2025 సెప్టెంబరు 2వ తేదీన ఆయనయే ప్రతివిధానమును నిర్ణయించుచు, ఆ సంస్థ తన శోధనసూచికలోని కొంత భాగమును, ప్రజల వాడుకవలన తనకు లభించిన సమాచారములో కొంత భాగమును, అర్హులైన పోటీదారులకు పంచి యియ్యవలెనని ఆదేశించెను. క్రోము బ్రౌజరును విక్రయింపవలెనన్న ప్రభుత్వపక్షపు కోరికను మాత్రము త్రోసిపుచ్చెను. యూరపులో 2017 జూనులోనే ఈ సంస్థకు 242 కోట్ల యూరోల జరిమానా విధింపబడినది; తన యంగడిని ముందు వరుసలోను, ఇతరుల యంగళ్ళను వెనుక వరుసలోను నిలిపినదనుట అందలి యభియోగము. 2024 సెప్టెంబరులో అక్కడి యత్యున్నత న్యాయస్థానము ఆ జరిమానాను ధ్రువపరచినది.

మన దేశపు విచారణ మనకు మరింత బోధకము. భారత పోటీ కమిషను 2018 ఫిబ్రవరి 8వ తేదీన గూగుల్‌కు 135.86 కోట్ల రూపాయల జరిమానా విధించినది. 2010కి పూర్వము కొన్ని విధములైన ఫలితములను, అవి ప్రశ్నకు తగినవా కావా యను విచారణ లేకయే, మొదటి స్థానముననో, నాలుగవ స్థానముననో, పదవ స్థానముననో నిలుపుటకు ముందుగనే యేర్పాటు చేయబడినదని ఆ తీర్పు పేర్కొన్నది. పాఠకులు ఈ యంకెలను గమనింప గోరుచున్నాము. వెదకువాడు వరుసను చూచి యోగ్యత నూహించుచున్నాడు. వరుస యో, యోగ్యతతో సంబంధము లేని మరియొక యేర్పాటుచేత కుదిరినది. ఆ తీర్పుపై అప్పీళ్ళు నడచినవి. అప్పీళ్ళ మాట యెట్లున్నను, అది మనకు నేర్పిన పాఠ మొక్కటి నిలిచియున్నది: వరుస యనునది ప్రకృతిసిద్ధము గాదు, అది యొకరి యభిప్రాయము.

వరుస యెట్లు పుట్టును?

సెర్చి ఇంజను, అనగా శోధనయంత్రము, మూడు పనులు చేయును. మొదట తన దూతలను పంపి లోకములోని వెబ్ పుటలను సేకరించును. పిదప, గ్రంథము చివర నుండు పదసూచికవలె, ఏ పదము ఏ పుటలలో నున్నదో యొక మహాసూచిక కట్టును. మనము ప్రశ్న వేసిన క్షణమున ఆ సూచికనుండి తగిన పుటల నేరి, తనకు దోచిన గుణములనుబట్టి వరుస పెట్టును. సేకరణలో లోపము, సూచికలో లోపము, వరుసలో లోపము అని తప్పులు మూడు చోట్ల పుట్టవచ్చును. చూచువానికి మాత్రము అన్నియు నొక్క జాబితాగనే కనబడును.

మన ప్రాంతపు పేరులనే తీసికొందము. తెలుగున మిర్యాలగూడ, మిర్యాలగూడెము, మిరియాలగూడ అని మూడు రూపములు వ్యవహారమున నున్నవి. కోదాడను కోదాద యనియు వ్రాయుదురు. ఇంగ్లీషులిపిలో వ్రాసినప్పుడు ఈ భేదములు రెట్టించును. దీనికి తోడు తెలుగు విభక్తులు పేరునకే యతుకుకొనును. సూర్యాపేటలో, సూర్యాపేటకు, సూర్యాపేటనుండి యనునవి మనకొక్క యూరే. వ్యాకరణము నేర్వని యంత్రమునకు మూడు వేరు పదములు. అంతియేగాక, 2016 అక్టోబరు 11వ తేదీకి ముందు ఈ మూడు పట్టణములును నల్లగొండ జిల్లాలోనివే. ఆనాడు సూర్యాపేట ప్రత్యేక జిల్లాయై, కోదాడ యందు చేరినది. మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచినది. పాత పుటలను ముందు నిలుపు యంత్రము కోదాడవానిని నేటికిని నల్లగొండ జిల్లావాసిగనే చెప్పును.

ఇక పిల్లలమర్రి యను మాట చూడుడు. సూర్యాపేట చెంత నున్న పిల్లలమర్రి, కాకతీయ సామంతులైన రేచర్ల వంశీయులనాటి శివాలయములకు ప్రసిద్ధము. మహబూబునగరమువారికి పిల్లలమర్రి యనగా ఎకరముల కొలది నీడ బరచిన మహావటవృక్షము. సాహిత్యాభిమానికి అది శృంగారశాకుంతల కర్తయైన పినవీరభద్రకవి యింటిపేరు. వాడపల్లియు నిట్టిదే: కృష్ణా మూసీ సంగమమున దామరచర్ల మండలమున నొక వాడపల్లి, కోనసీమలో వేంకటేశ్వరస్వామి వెలసిన దింకొక వాడపల్లి. ప్రశ్నించిన వాని మనస్సులో నేది యున్నదో యంత్ర మెరుగదు, ఊహించును. ఒక్కొక్క యంత్రము ఒక్కొక్క విధముగ నూహించును. కావున ఒకే ప్రశ్నకు మూడు యంత్రములు మూడు జాబితాల నిచ్చుట వింత గాదు. వింత యేమనగా, మనము రెండవ జాబితాను చూడకుండుట.

కలుపుట యెట్లు?

పలు యంత్రముల జాబితాలను గలిపి యొక్క జాబితా చేయవచ్చునను యోచన కొత్తది గాదు. అమెరికాలోని వాషింగ్టను విశ్వవిద్యాలయమున ఎరిక్ సెల్బెర్గ్ అను విద్యార్థియు, ఓరెన్ ఎట్జియోని యను నాచార్యుడును 1995లో మెటాక్రాలర్ అను యంత్రమును ప్రజల ముందుంచిరి. దానికి సొంత సూచిక లేదు. అది మన ప్రశ్నను పలు యంత్రములకు బంపి, వచ్చిన సమాధానములను గలిపి చూపెడిది. అంతకు ముందే ఫాక్స్, షా యను పండితులు ఒకే ప్రశ్నకు పలు విధములుగ వచ్చిన మార్కులను కూడు పద్ధతులను పరీక్షించి 1994లో ప్రకటించిరి. ఒక పుటకు వచ్చిన మార్కులను కూడి, దానిని చూపిన జాబితాలు ఎన్నియో ఆ సంఖ్యచే గుణించుట వానిలో నొకటి. పలువురు పేర్కొన్నదానికి విలువ హెచ్చు నన్నమాట.

మార్కులను కూడుటలో నొక చిక్కు గలదు. ఊరి కుంచ మొకటి, సంత కుంచ మొకటియైనప్పుడు, మూడు కుంచములు, రెండు కుంచములు కలిసి యైదు కుంచములని లెక్క వ్రాయుట మోసమునకు దారితీయును. ఒక యంత్రము నూటికి మార్కు లిచ్చును. ఒకటి ఒకటిలోపల భిన్నముల నిచ్చును. పెక్కు యంత్రములు తమ మార్కులను బయట పెట్టనే పెట్టవు. కాని వరుస యందరికిని సామాన్యము. మొదటిది, రెండవది, మూడవది యనుటకు కొలపాత్రతో బనిలేదు. అందుచేత విజ్ఞులు మార్కులను విడిచి స్థానములను గలుపు మార్గమును బట్టిరి. ఇచ్చటనే యంత్రశాస్త్రము వెనుకకు దిరిగి, రెండు వందల యేండ్లనాటి ఎన్నికల శాస్త్రమును కలిసికొన్నది.

ఫ్రాన్సు దేశమున బోర్డా యను గణితజ్ఞుడు 1770లో అచ్చటి విజ్ఞానపరిషత్తునకు ఒక పద్ధతిని విన్నవించెను: ప్రతి ఓటరు అభ్యర్థులను వరుస పెట్టవలెను; నలుగు రభ్యర్థులున్నచో మొదటివానికి మూడు, రెండవవానికి రెండు, మూడవవానికి ఒకటి, చివరివానికి సున్న. మొత్తము కూడిన హెచ్చువాడే గెలిచినవాడు. కొండార్సే యను మరియొక పండితుడు 1785లో వేరు మార్గము జూపెను: ఇద్దరిద్దరి నెదురెదురుగ నిలిపి, ఎక్కువమంది యెవనిని మేలని రో చూడవలెను; అందరిని గెలిచినవాడే నిజమైన విజేత.

దీనిని మన పిల్లలమర్రికి వర్తింపజేయుదము. ఇది యూహాచిత్రమే, ఏ యంత్రమునకును మేమిచ్చట సాక్ష్యము చెప్పుట లేదు. ఒకటవ యంత్రము మర్రిచెట్టు, ఆలయము, కవి, వ్యాపారపు పుట యను వరుస నిచ్చినదనుకొందము. రెండవది ఆలయము, కవి, మర్రిచెట్టు, వ్యాపారపు పుట. మూడవది సొమ్మునకు లోబడినదో, మాయకు లోబడినదో, వ్యాపారపు పుటను తలపై బెట్టి, పిదప ఆలయము, మర్రిచెట్టు, కవి యని చూపినది. మొదటి స్థానములను మాత్రమే లెక్కించినచో ముగ్గురికి తలకొక ఓటు, తీర్పు లేదు. బోర్డా లెక్కచొప్పున ఆలయమునకు ఏడు, మర్రిచెట్టునకు ఐదు, కవికి మూడు, వ్యాపారపు పుటకు మూడు. ఆలయము గెలిచినది. ఒక్క యంత్రమే దానిని మొదట నిలిపినను, ఏ యంత్రమును దానిని రెండవ స్థానమునకు దిగువకు ద్రోయలేదు. ఊరందరిది యొక దారి, ఉలిపికట్టెది యొక దారి యన్నట్లు నడచిన మూడవ యంత్రపు మాయ పై స్థానమును బట్టలేకపోయినది.

కాని కవియు వ్యాపారపు పుటయు సమానమైనవి చూచితిరా? మూడు యంత్రములలో రెండు కవినే మేలన్నవి. కావున కొండార్సే మార్గమున కవి మూడవది, వ్యాపారపు పుట చివరిది. ఇక మూడవ మార్గ మొకటి నేడు మిక్కిలి వాడుకలో నున్నది. కార్మాక్, క్లార్క్, బ్యూట్షర్ అను మువ్వురు 2009లో ప్రకటించినది. ప్రతి జాబితాలోను పుటయొక్క స్థానమునకు అరువది కలిపి, ఆ మొత్తముతో ఒకటిని భాగించి, వచ్చిన భిన్నములను కూడవలెను. ఎంతో సులభము, ఫలితములును మంచివని పరీక్షలు చూపినవి. ఆ లెక్కను మన యుదాహరణమునకు వేసి చూచితిమి. ఆలయము మొదటిదే, మర్రిచెట్టు రెండవదే. కాని వ్యాపారపు పుటకు 0.04764, కవికి 0.04763. వెండ్రుకవాసిలో వ్యాపారి కవిని దాటినాడు!

అవే మూడు జాబితాలు. కలుపు సూత్రము మారగనే కవి యొకచోట సమానుడు, ఒకచోట గెలిచినవాడు, ఒకచోట ఓడినవాడు. దీనిని చూచి యీ పద్ధతులు వ్యర్థము లనుట తగదు. మూడును ఆలయమునే మొదట నిలిపినవి. బలమైన సత్యము ఏ సూత్రముననైనను నిలుచును. కాని సందిగ్ధమైన చోట సూత్రమే న్యాయాధిపతి యగుచున్నది. కావున సూత్రమేదో ప్రజలకు దెలియవలెను. ఓట్ల లెక్కింపు నియమము రహస్యముగ నున్న ఎన్నికను మన మెన్నిక యనుదుమా?

మూడు పట్టణముల తగవు

కొండార్సేయే కనుగొన్న మరియొక చిక్కును మన మూడు పట్టణములతోనే చెప్పవచ్చును. ఒక క్రొత్త విద్యాలయము ఎచ్చట నుండవలెనని ముగ్గురి నడిగితి మనుకొందము. సూర్యాపేటవాడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ యను వరుస చెప్పినాడు. కోదాడవాడు కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట యన్నాడు. మిర్యాలగూడవాడు మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ యన్నాడు. ఇప్పుడు సూర్యాపేట కోదాడకంటె మేలని ఇద్దరు. కోదాడ మిర్యాలగూడకంటె మేలని ఇద్దరు. మిర్యాలగూడ సూర్యాపేటకంటె మేలని ఇద్దరు! ముగ్గురిలో నెవరును మతి తప్పినవారు గారు. కాని మువ్వురి సమష్టిబుద్ధి గానుగెద్దువలె చుట్టు తిరుగుచున్నది.

అమెరికా యార్థికశాస్త్రజ్ఞుడు కెన్నెత్ ఆరో 1951లో ఈ చిక్కునకు సామాన్యరూపము నిచ్చెను. మూడు గాని అంతకెక్కువ గాని వస్తువులున్నప్పుడు, అందరు మేలన్నదానిని మేలనుట, రెండు వస్తువుల తారతమ్యమును మూడవదాని జోక్యము లేకుండ నిర్ణయించుట, ఏ యొక్కని యిష్టమును అందరిపై రుద్దకుండుట యను న్యాయములను, ఓటరు లేవిధముగ వరుస పెట్టినను తప్పక, పూర్తిగ పాటించి సంపూర్ణమైన వరుస నిచ్చు సూత్ర మేదియు నుండజాలదని ఆయన నిరూపించెను. మన యమర్త్యసేను మహాశయుని కృషికి నేపథ్యము గూడ నిదియే. సంపూర్ణమైన న్యాయసూత్రము లేదు గనుక నియంతయే శరణ్యమని దీని తాత్పర్యము గాదు. ఏ సూత్రమున ఏ లోపమున్నదో యెరిగి, సమ్మతితో నొకదాని నెన్నుకొనవలెననియే తాత్పర్యము.

ఈ యెన్నికల శాస్త్రమును శోధనయంత్రములకు సమగ్రముగ నన్వయించిన వ్యాసము 2001లో హాంకాంగులో జరిగిన వెబ్ మహాసభకు సమర్పింపబడినది. దాని కర్తలు నలుగురు: సింథియా డ్వర్క్, రవికుమార్, మోనీ నావోర్, శివకుమార్. వారి ముఖ్యాశయము మాయపుటల నిరోధము. వేషము మార్చి ఒక యంత్రమును మోసగించిన పుట, తక్కిన యంత్రములలో నెక్కువవానిని మోసగింపజాలనిచో, కొండార్సే న్యాయమును విస్తరించి వాడినప్పుడు అట్టి పుట అడుగునకు జారునని వారు చూపిరి. మన కవికిని వ్యాపారికిని జరిగిన తీర్పు సరిగ నిదియే. అన్ని జాబితాలకును మిక్కిలి సమీపమైన ఒక్క జాబితాను తప్పు లేక కనుగొనుట మాత్రము, నాలుగు జాబితాలున్నను గణకయంత్రమునకు సైతము దుస్సాధ్యమైన లెక్కల జాతిలోనిదని గూడ వారు నిరూపించిరి. అందుచే సమీపఫలితముతో దృప్తి నొందు సూత్రములే యాచరణలో మిగిలినవి.

సాక్షులు వేరువేరా?

ఇంతవరకు మేము సాక్షులు స్వతంత్రులని యనుకొని వ్రాసితిమి. అసలు ప్రమాద మిచ్చటనే యున్నది. ఒకే యింటి ముగ్గురన్నదమ్ములు ఒకే మాట చెప్పినచో న్యాయస్థానము దానిని మూడు సాక్ష్యములుగ నెంచదు. నేటి శోధనయంత్రములలో పేరులు పెక్కు, బావులు కొన్నియే. యాహూ 2009లో మైక్రోసాఫ్టుతో చేసికొన్న యొడంబడికచే బింగ్ నీటినే పంచుచు వచ్చినది. డక్‌డక్‌గో తన వెబ్ ఫలితములకు చాలవరకు బింగ్‌పై నాధారపడినది. స్టార్ట్‌పేజి ప్రధానముగ గూగుల్ ఫలితములను దెచ్చి చూపునది. బింగును, యాహూను, డక్‌డక్‌గోను గలిపి యొక జాబితా చేసినవాడు మూడు సాక్ష్యములు విన్నాననుకొనును; విన్నది చాలవరకొక్కటియే. అంతకంటె దుర్ఘటము, అట్టి కలయికలో స్వతంత్రమైన నాలుగవ సాక్షి మాట ముగ్గురి యరుపులో మునిగిపోవును.

బావి యజమాని యెప్పుడైనను చేద తీసివేయగలడు. ఇతరులు తన ఫలితములను గొని వాడుకొనుటకు మైక్రోసాఫ్టు చిరకాలము నుంచిన బింగ్ శోధనద్వారము 2025 ఆగస్టు 11వ తేదీన మూతబడినది. దానిపై నాధారపడిన చిన్న సంస్థలు వేరు దారులు వెదకుకొనవలసి వచ్చినవి. ఈ స్థితిలో న్యాయమూర్తి మెహతా యాదేశము యొక్క విలువ తేటపడును. సూచికలు కొందరి చేతనే యున్నంత కాలము, జాబితాలను గలుపు విద్య యెంత పెరిగినను, కలుపుటకు వేరువేరు జాబితాలు దొరకవు.

ఒక యాక్షేపము వినవచ్చును. ఒక యంత్రము నిజముగ నుత్తమమై, తక్కినవి యధమములైనప్పుడు అన్నిటిని గలుపుట సన్నబియ్యములో నూకలు గలుపుట గాదా? ఈ యాక్షేపమున సత్యము గలదు. మిర్యాలగూడ మిల్లులవారికి మేము కలగూర బియ్యపు ధర చెప్పనక్కరలేదు. అందుచే కలుపువారు మంచి యంత్రమునకు బరువు హెచ్చించి, చెడుదానికి తగ్గింతురు. కాని యే యంత్రము మంచిదో తేల్చునదెవరు? ఇంగ్లీషు ప్రశ్నలకు పరీక్షించి మంచిదన్న యంత్రము తెలుగు ప్రశ్నకు మంచిది గాకపోవచ్చును. తెలుగు ప్రశ్నలతో, తెలుగు పాఠకుల తీర్పుతో పరీక్ష జరుగవలెను.

ఇంకొక సూక్ష్మము గలదు. ఒక పుట ఒక జాబితాలో నుండి, రెండవ జాబితాలో లేకున్నచో, రెండవ యంత్రము దానిని చూచి నిరాకరించినదా, అసలు చూడనే లేదా? కలుపు సూత్రములు తరచుగ నీ రెండింటిని నొక్కటిగ నెంచును. చూడకపోవుట వేరు, చూచి కాదనుట వేరు. ఫణిగిరి బౌద్ధక్షేత్రమును గూర్చి మన ప్రాంతపు టుపాధ్యాయు డొకడు తెలుగున వ్రాసిన మంచి పుటను ఒక్క యంత్రమే సేకరించియుండవచ్చును. మిగిలినవి చూడలేదన్న కారణమున అది యడుగునకు బోవును. అధికసంఖ్యాకుల అజ్ఞానము అల్పసంఖ్యాకుని జ్ఞానమునకు శిక్ష కారాదు.

ఈ న్యాయమును తెలంగాణమువారికి మేము క్రొత్తగ బోధింపనక్కరలేదు. తెలంగాణమున తెలుగు కవులు పూజ్య మని యొకప్పుడు వ్రాయబడినప్పుడు, సురవరము ప్రతాపరెడ్డిగారు వాదముతో నూరకుండక, 354 కవుల కవితలను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. పూజ్యమన్న పండితుని సూచికలో వారి పేరులు లేకుండెను; అంతమాత్రమున వారు లోకమున లేకపోలేదు. ఆ యొక్క జాబితాకు మరి పది జాబితాలను గలిపినను, అవియు నా పేరులు లేనివే యైనచో, ఫలితము పూజ్యమే. జాబితాలను గలుపుట యున్నదానిని న్యాయముగ వరుస పెట్టును, లేనిదానిని పుట్టింపదు. పుట్టించినది సేకరణ.

ముందు గతి

ఇదిట్లుండ, జాబితాయే మాయమగు కాలము వచ్చినది. గూగుల్ తన కృత్రిమమేధ కూర్చిన సారాంశమును ఫలితములపై నుంచు విధమును 2024 మేలో అమెరికాలోను, ఆగస్టులో మన దేశములోను బ్రవేశపెట్టినది. సంభాషించు యంత్రములు సైతము తెర వెనుక వెదకి, పలు జాబితాలను ఇందు చెప్పిన సూత్రములవంటి వానితోనే గలిపి, తుదకు ఒక్క పేరాగ్రాఫు చేతికిచ్చుచున్నవి. లోపల కలయిక జరుగుచున్నది. కాని ఏ సాక్షులను విన్నదో, ఎవనికెంత బరువిచ్చినదో, ఎవనిని త్రోసివేసినదో మనకు గనబడదు. మొదటి పది మాటలలో నైదవదానిని చదువు స్వాతంత్ర్యము మనకు నిన్నటివరకు నుండెను. సాక్ష్యములు వినిపింపక తీర్పు మాత్రమే చదువు న్యాయస్థానమును మనమెట్లు నమ్ముదుము?

ధర తెలియక దళారి చేతిలో బడిన రైతునకును, ప్రభుత్వస్థాన మనుకొని మధ్యవర్తి పుటలో సొమ్ము చెల్లించిన పట్టాదారునకును ఇది శాస్త్రచర్చ గాదు, నష్టము. కావున మూడు మాటలు మనవి చేయుచున్నాము.

మొదటిది పాఠకులకు. భూమి, విత్తనము, వైద్యము, విద్య, ధనము – ఈ యైదింటి విషయమున ఒక్క యంత్రపు మాటతో నిలువకుడు. గూగుల్, బింగ్, బ్రేవ్ అను మూడింటికిని వేరువేరు సూచికలు గలవు. అదే ప్రశ్నను మూడింట నడుగుడు. తెలుగున నొకసారి, ఇంగ్లీషున నొకసారి, ఊరిపేరు రూపములు మార్చి యొకసారి యడుగుడు. రెండు మూడు చోట్ల పైన గనబడినదానిని ముందు చదువుడు; ఒక్కచోట మాత్రమే తలపై నున్నదానిని, అది ప్రకటనయా యని చూచి చదువుడు. ఇది బోర్డా లెక్కయే; కాగితము మీద రెండు నిమిషముల పని.

రెండవది విద్యాసంస్థలకును ప్రభుత్వములకును. 2011 జనాభాలెక్కలచొప్పున మన దేశమున తెలుగు మాతృభాషగా గలవారు ఎనిమిది కోట్లకు పైబడియున్నారు. ఇంతటి భాషకు ప్రజల సొత్తయిన వెబ్ సూచిక యొకటి యుండుట గొంతెమ్మకోరిక గాదు. మన విశ్వవిద్యాలయములు తెలుగు ప్రశ్నల సంచయమును గూర్చి, ఏ యంత్రము ఎట్లు సమాధానమిచ్చుచున్నదో యేటేట బహిరంగముగ పరీక్షించి ప్రకటింపవలెను. జాబితాలను గలుపు సూత్రములలో రహస్య మేదియు లేదు. సూత్రము బయలుపరచిన స్వేచ్ఛా సాఫ్టువేరులు సైతము గలవు. మూడు పట్టణముల గ్రంథాలయములలో నట్టి యంత్రము నొకదానిని నిలుపుట గొప్ప వ్యయముతో గూడిన పని గాదు.

మూడవది మన వ్రాతగాండ్రకు. పిల్లలమర్రి శాసనములను గూర్చియు, వాడపల్లి సంగమమును గూర్చియు, సాగరు ఎడమకాలువ చివరి భూముల యిక్కట్లను గూర్చియు తెలిసినవారు తెలుగున వ్రాసి, అందరికి నందుబాటులో నుంచవలెను. వ్రాయనిదానిని ఏ యంత్రమును వెదకజాలదు. ఏ సూత్రమును పైకి దేజాలదు.

పదిమంది నడచినదే బాట యందురు. ఆ పదిమందియు నొకని వెంటనే నడచిరో, ఎవరి కండ్లతో వారు చూచి నడచిరో తెలిసికొన్న పిమ్మటనే మన మా బాట నడువవలెను.